ఎదురు బరువు

(పశ్చిమ జార్జియా, ఒక గనుల ఊరు)

డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. చేతిలో కాగితం.
"లామారా పెద్దమ్మా, ఈ రెండు వారాల్లో
ఎన్ని రోజులు మనసు బాగోలేదు?" అంది.
కొన్ని రోజులా, సగానికి పైనా, రోజూనా.
గళ్ళు మూడే ఉన్నాయి.
మనసంటూ ఉంటే కదా అనబోయి ఊరుకున్నాను.
పాపం, ఐదంతస్తులు ఎక్కి వచ్చింది.
టీ పెడతానని లేచాను.
పొయ్యి దాకా వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక
గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ముప్పై ఒక్కేళ్ళు రోప్‌వే నడిపిన దాన్ని.
గని కొండ మీద, కొంపలు కింద,
మధ్యలో క్విరిలా నది, మసి కలిసిన నీళ్ళతో.
తీగకు రెండు ఇనప డబ్బాలు.
ఒకటి నాది, ఒకటి గుగులిది.
నాది ఎక్కాలంటే దానిది దిగాలి.
పైనున్న చక్రం ఒక్కటే మరి,
ఒకదాని బరువే రెండోదానికి చెయ్యందిస్తుంది.

షాక్రోది పొద్దుటి షిఫ్టు.
దిగేటప్పుడు మొహమంతా మాంగనీసు, కళ్ళొక్కటే తెల్లగా.
గనివాళ్ళకు టిక్కెట్టు లేదని తెలిసీ
టిక్కెట్టేదీ అన్నాను.
జేబులన్నీ తడిమి
ఒక అక్రోటు కాయ చేతిలో పెట్టాడు.
అంతే. పెళ్ళికథ అంతకన్నా ఏం లేదు.

ఫిబ్రవరిలో పోయాడు.
నలభయ్యో రోజు దాకా ఊరు నన్ను వదల్లేదు.
రొట్టె మీద వైన్ ఒంపి అతని పేరు చెప్పుకున్నారు,
బల్ల చుట్టూ కూర్చుని చేప తిన్నారు, నవ్వారు కూడా.
తరవాత ఎవరి గిన్నెలు వాళ్ళు కడిగి పట్టుకెళ్ళారు.
దోదో గిన్నె ఒకటి ఉండిపోయింది, నీలం అంచుది.
ఇవ్వాలంటే రెండంతస్తులు దిగాలి.
ఏడు నెలలైంది.

ఏడుస్తున్నాననుకుంటారు అందరూ.
ఏడుపు కాదమ్మా. ఏడుపు ఎక్కడికో ఒకచోటికి పోతుంది.

తొంభైల్లో, రాత్రీ పగలూ కరెంటు లేని రోజుల్లో
ఓసారి నది మీద నాలుగు గంటలు వేలాడాను.
డబ్బాలో ఏడుగురు మనుషులు, ఒక మేకపిల్ల.
ఒకావిడ ప్రార్థన, ఒకాయన బూతులు.
ఎదురుగా, సరిగ్గా అంతే ఎత్తున, గుగులి.
"ఒసేయ్, పొయ్యి మీద చిక్కుళ్ళు వదిలేసొచ్చానే!" అని
గాలిలోంచి అరిచింది.
ఇటు ఏడుగురూ పకపకా నవ్వారు.
ఆ నవ్వుకి డబ్బా ఊగింది, ఎవరూ భయపడలేదు.

ఇప్పుడూ అలాగే ఉన్నాను, నది మీద.
అవతలి తీగ మీద ఎవరూ లేరు.
భయం కూడా లేదు.
భయమేస్తే బాగుండునని ఉంది.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ.
నలభై ఆరేళ్ళు అతని దగ్గుని తిట్టాను,
గని దుమ్ము దగ్గు, గోడలదిరే దగ్గు.
పై ఇంటి కుళాయి గొట్టం ఒక్కోసారి
అచ్చం అలాగే గురగురమంటుంది.
బాగుచేయించొద్దని వాళ్ళకి ఎలా చెప్పను?

ఫ్రిజ్‌లో ఒక సీసా ఉంది.
నిరుడు అతను కాచిన పుల్ల ప్లమ్ పచ్చడి.
మూత తీస్తే అయిపోతుంది.
తీయకపోతే బూజు పడుతుంది.
రోజూ తలుపు తెరుస్తాను, చూస్తాను, మూస్తాను.
కరెంటు దండగ.

ఈ ముక్క మాత్రం డాక్టరమ్మకి చెప్పాను.
రాయలేదు. కలం పక్కన పెట్టేసింది.
కాసేపటికి, "ఏ ప్లమ్, పచ్చదా ఎర్రదా?" అంది.
పచ్చదన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

రాత్రికి అరబిళ్ళ వేసుకోవాలట.
గుణం తెలియడానికి మూడు వారాలట.
మూడు నిమిషాల్లో కొండెక్కించేదాన్ని నేను.

మెట్లు దిగిపోతోంటే పిలిచాను.
"ఈ గిన్నె కింద దోదోకి ఇచ్చెయ్యమ్మా."
నాలుగు మెట్లు వెనక్కెక్కి చెయ్యి చాపింది.
నా వేళ్ళు వదల్లేదు.
"వద్దులే, నేనే ఇస్తాను."
ఎందుకన్నానో మరి.

గిన్నె తలుపు దగ్గర పెట్టాను, చెప్పుల పక్కన.
ఇవాళ కాదు.