పంటు మీద విన్న చప్పుడు

సఖినేటిపల్లి రేవులో తెల్లారుజామున
పంటు మీదికి బండి ఎక్కించి
హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రల్లో పెట్టి
ఇంజను మాత్రం ఆపలేదు.
వెనక సీటు పీకేసిన చోట
పద్దెనిమిది సంచుల రొయ్యపిల్ల.
ఏసీ ఆగితే నీళ్లు వేడెక్కుతాయి,
వేడెక్కితే మొగల్తూరు చేరేసరికి
నేను మోసుకెళ్లింది ఉత్త నీళ్లే.

అప్పుడు వినపడింది.
కీచుమని కాదు, టంగుమని కాదు,
పళ్లూడిన మామ్మ చిన్నరోట్లో
ఆకూ వక్కా నూరుతున్నట్టు.
పెడలు తొక్కితే మాయం.
వదిలితే మళ్లీ నూరుడు.
రోడ్డు మీద ఎన్నాళ్లనుంచి నూరుతోందో,
నేనెక్కడ ఆగాను గనక వినడానికి!

పంటు మీద సలహాకి టిక్కెట్టు లేదు.
"ట్యాపెట్లండీ" అన్నాడు పాలక్యాన్ల కుర్రాడు.
"ఆయిలు మార్చి ఎన్నాళ్లయింది?" అంది
చేపల తట్ట మీంచి తల తిప్పకుండా ఒకావిడ.
రాజమండ్రి షోరూమువాడు ఫోన్లో, చప్పుడు వినకుండానే,
టైమింగ్ చైనన్నాడు, పద్దెనిమిది వేలన్నాడు.
సంచికి వెయ్యి, అనుకున్నాను.

సరుకు దింపేసి తాటిపాక తిరిగొచ్చాను,
గెడ్డం దైవసహాయం షెడ్డుకి.
ఇరవై ఏళ్లు రైసుమిల్లు ఇంజను పక్కన నిలబడి
ఎడం చెవి పూర్తిగా, కుడిచెవి సగం
మిల్లుకే రాసిచ్చేసిన మనిషి.
చెవిటోడికి చప్పుడు చూపిస్తావేంట్రా అని
మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు.

బానెట్టు ఎత్తాడు. ఏమీ అడగలేదు.
ఏసీ ఆపమని చెయ్యి ఊపాడు. నూరుడు ఆగలేదు.
"కంప్రెసరు కాదు."
మూరెడు స్క్రూడ్రైవరు తీసి
మొన ఆల్టర్నేటరు మీద ఆనించి
పిడిని పళ్లతో కరిచి
కళ్లు మూసుకున్నాడు.
దవడ ఎముకతో విన్నాడు.
వాల్వు కవరు, వాటరు పంపు,
మొన పెట్టిన ప్రతిచోటా ఒక ఊపిరి బిగబట్టి.

ఆఖరికి బెల్టు విప్పేసి "సెల్ఫ్ కొట్టు" అన్నాడు.
"ఒక్క నిమిషమే. పంపు తిరగదు, వేడెక్కిపోద్ది."
ఇంజను మెత్తగా ఆడింది.
మామ్మా లేదు, రోలూ లేదు.
"లోపల రోగం లేదురా. బెల్టు మోసేవాళ్లలో ఎవడో."

ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పాడు.
ఆల్టర్నేటరు నూనెలా తిరిగింది.
పంపు ఊగలేదు.
ఐడ్లరు పుల్లీ,
బెల్టుకి దారి చూపడం తప్ప ఇంకే పనీ లేని
అరచేతిలో పట్టే చక్రం,
ఇసక నములుతూ తిరిగింది.
నా వేలు పట్టి దాని మీద పెట్టాడు.
చెప్పాల్సిన పని లేకపోయింది.

బేరింగు ఊడగొడితే గ్రీజు లేదు,
పసుపుకుంకం కలిపినట్టు తుప్పు.
"ఉప్పుగాలి. రోజూ రేవులో నిలబెడతావు గదా."
కుర్రాణ్ణి ఏరియేటర్ల కొట్టుకి తోలాడు:
"ఆరు రెండు సున్నా మూడు. రెండుపక్కలా రబ్బరు సీలున్నదే తే,
రేకుది ఇస్తే వద్దను."
రొయ్యల చెరువులో నీళ్లు చిలికే మోటారుకీ
నా బండికీ కీలు ఒకటేనని అప్పుడు తెలిసింది.

సామాను మూడువందల నలభై, చేతికూలి నూటయాభై.
"షోరూములో పద్దెనిమిది వేలు..." అని మొదలెడితే
వినపడనట్టు ఊరుకున్నాడు.
నిజంగానే వినపడలేదేమో.

బెల్టెక్కించి స్టార్టు చేశాక చెవి రిక్కించాను.
రోలు లేదు.
కానీ దాని అడుగున ఇంకేదో, సన్నగా, ఆగకుండా.
"ఇంకోటుంది!" అని అరిచాను.
పిడిని చొక్కా అంచుతో తుడిచి
స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు.
కరిచాను. ముందు పాత గ్రీజు రుచి,
ఆ తర్వాత పళ్లలోంచి పుర్రెలోకి
నాలుగు సిలిండర్లూ చెప్పులేసుకుని నడిచొచ్చాయి.
"అది ఇంజను," అన్నాడు. "దాన్ని ఆడనీ."

మర్నాడు మళ్లీ పంటు, మళ్లీ న్యూట్రల్లో.
సంచుల్లో రొయ్యపిల్ల, రాలిన కనురెప్ప వెంట్రుకల్లా.
వశిష్ఠ మధ్యకొచ్చాక
పాలక్యాన్ల కుర్రాడు తలొంచి, విని,
"ట్యాపెట్లు చేయించారా?" అన్నాడు.
అవునన్నాను.