పదకొండు ఫ్రేములు

దాని మొదటి వెర్షన్‌ను నేను చూడలేదు.
చండూరుల మొయినన్న ల్యాబుకు నేను వచ్చేసరికి
నాలుగోది నడుస్తున్నది.
కోఠిల కొన్న సీడీ, మీద స్కెచ్ పెన్నుతో పేరు.
సీరియల్ నంబరు మాత్రం
ఎవరిదో పెండ్లికార్డు వెనుక, గోడకు మేకు కొట్టి.

అంతకు ముందు రెండు డెక్కులుండేవట.
ఒకదాంట్ల ఆడే పెండ్లి, ఇంకోదాంట్ల ఎక్కే పెండ్లి.
"అప్పుడు కోసుడంటే కోసుడే తమ్మీ,
పోయిన ముక్క పోయినట్టే" అనేటోడు,
గాలిల బటన్ నొక్కుకుంట.

నాలుగోదాంట్ల బ్లేడు ఉన్నది.
నొక్కితే తెగుతది, తెగిన ముక్క చావదు.
అంచు పట్టి గుంజితే తిరిగొస్తది.
మొదటి వారమంతా నాకదే ఆట.
మగ్గం కాడ తెగిన పోగులకు ముడేసి ముడేసి
వేళ్ళరిగిన మా నాయనకు చెప్తే
నమ్మలేదు.

ఐదోది పువ్వులు తెచ్చింది.
తామరల పెండ్లికూతురు, గుండెబొమ్మల పెండ్లికొడుకు,
మర్రిగూడల ఎగిరి మంచుకొండల మీద దిగిన జంట.
రాత్రి రెండర్ పెట్టి పండుకుంటే
తొంభై మూడు కాడ కరెంటు పోయేది.
మొయినన్న చీకట్ల తిట్టేటోడు,
కరెంటోళ్ళను కాదు, తొంభై మూడును.

ఆరోదాంట్ల రంగులు దిద్దే చక్రం వచ్చింది.
ఊర్లకు ఆ సంగతి ఎట్ల తెలిసిందో,
అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెవుల చెప్పుడు మొదలైంది:
"అన్నా, పండ్లు."
అంతే, ఆ ఒక్క మాట.
మా దిక్కు బోరునీళ్ళు
నవ్వుల మీద గోధుమరంగు గీతలు గీసి పోతయి.
చక్రం ఇంత తిప్పితే తెల్లగైతయి.
వంగిన మోకాలికి అసొంటి చక్రం ఏ వెర్షన్ల రాలేదు.

పగిళ్ల సుకన్య పెండ్లి ఆ ఏడే.
వాళ్ళమ్మ అండాలు మూడు టేపులల్ల ఎక్కడా నోరు తెరవదు.
పెదవి మీద కొంగు, కొంగు మీద చెయ్యి.
ఒక్క తలంబ్రాల కాడ,
అయ్యగారి చెవుల బియ్యం పడితే
పక్కున నవ్వింది.
పదకొండు ఫ్రేములు. అర సెకను సుత కాదు.
తెల్లారి వచ్చి నా పక్కన స్టూలు మీద కూసొని
"అది తీసెయ్యి బిడ్డా" అన్నది.
"తెల్లగ జేస్త."
"తెల్లగ జేస్తే అది నేనెట్లయిత?"
తీసిన.

తర్వాత దానికి తాళమొచ్చింది, వేలెడంత, పచ్చలైటుతోని.
మొయినన్న మెడల తాయెత్తు పక్కన అది ఊగేది.
తర్వాత తాళమూ పోయింది, నెలనెలా కిరాయి అన్నరు.
"దుకాణం కిరాయి సరే,
కత్తెరకు సుత కిరాయా" అని
ల్యాబు నాకప్పజెప్పి ఇంటి పట్టున ఉన్నడు.
ఇప్పుడు వెర్షన్లకు అంకెలు లేవు, సంవత్సరాలే.

పోయిన నెల సుకన్య వచ్చింది.
"అమ్మ నవ్వింది ఒకటుండాలె గదన్నా."
పాత డిస్కు తీసిన. కొత్తది తెరువనన్నది.
ఎనిమిదో దాన్ని ఎక్కించిన, అదీ ఎరుగనన్నది.
ఒక్కొక్కటి తన తండ్రిని గుర్తుపడుతది గానీ
తాతను కాదు.
మెట్టు మెట్టు దిగి ఆరోదాని కాడికి పోయేసరికి
బజార్ల షట్టర్లు పడ్డయి.

తెరుచుకున్నది. కోత కాడికి పోయి
అంచు పట్టి గుంజిన.
పదకొండు ఫ్రేములు వచ్చినయి,
పదకొండూ ఎర్రగ, బొమ్మ లేకుంట.
ఆ టేపుల మీద మొయినన్న
ఇంకెవరిదో పెండ్లి ఎక్కించిండు.
శబ్దమూ లేదు.
శబ్దం గీసిన గీత మాత్రం ఏ మూలనో దాసుకొని ఉన్నది,
చిన్న గుట్ట లెక్క.

సుకన్య తెర మీద వేలు పెట్టింది,
ఫోనుతోని ఫొటో తీసుకున్నది.
"ఇంత ఎత్తు నవ్విందా" అన్నది.

ఆ ట్రాకును నేనే పెద్దగ గుంజిన సంగతి
చెప్పలేదు.