దారం లేని కుట్టు

కాజీపేట మూడో ప్లాట్‌ఫారం మీదికెల్లి
గోనెసంచిల కూసోబెట్టి తెచ్చిన.
ఫాతిమానగర్ బ్రిడ్జి దాటేదాంక వణుకుడే.

ఇంట్ల అడుగు పెట్టంగనే మంచం కింద జొచ్చింది.
సర్వపిండి ముక్క పెడితే
మేం అటు తిరిగినంక తిన్నది.
పాలగిన్నె ముట్టనే లేదు.
రాజా అన్న, సిట్టీ అన్న,
ఏ పేరుకూ చెవి లేపలే.

రెండు రాత్రులు
దానికి నిద్ర లేదు, మాకూ లేదు.
గూడ్సుబండ్ల పక్కన పుట్టిన పానం,
సప్పుడు లేని ఇల్లు దానికి పరాయి ఊరు.
ఆ ముచ్చట మాకప్పుడు తెల్వదు.

మూడో రాత్రి
బడి డ్రెస్సులు తెల్లారేసరికి ఇయ్యాలెనని
స్వరూప మిషన్ ముంగట కూసున్నది.
టకటక టకటక
నీలిగుడ్డ ఉరుకుతాంది.
మంచం కిందికెల్లి ముందు ముక్కొచ్చింది,
ఎంతసేపటికో ఎనుక కుక్కొచ్చింది.
తొక్కుడుపలక పక్కన తల వాల్చి
గుర్రు.

డ్రెస్సులు ఎన్నడో ఇచ్చేసినం.
పది దాటితే స్వరూప ఇప్పటికీ
సూదిలకెల్లి దారం తీసేసి
కాసేపు తొక్కుతది.
ఏం కుడుతున్నవే, అని అడిగిన మొన్న.
"సప్పుడు చెయ్యకు," అన్నది,
"ఇప్పుడే ఘన్‌పూర్ దాటింది."