నిద్ర లేచిన తర్వాత

అన్నం తిని వచ్చి మూత తెరిచాను.
తెర వెలిగింది. గడియారం సరిగ్గానే ఉంది.
సగం కొట్టిన బిల్లు ఎక్కడిదక్కడే.
వైఫై గుర్తు మీద మాత్రం చిన్న ఇంటూ.

చీమకుర్తి ఎండలో
నల్లరాయి మోస్తూ గేటు దగ్గర లారీ.
బిల్లు లేందే కదలదు.
పెంచలయ్య కిటికీలో తలపెట్టి
"ఇంకెంతసేపు పాపా, కృష్ణపట్నం పోవాల" అంటాడు.

రౌటరు దీపాలు పచ్చగానే ఉన్నాయి.
నా ఫోనుకు అందుతోంది, దీనికే అందదు.
ఆపి, మళ్ళీ వేశాను. మళ్ళీ ఆపాను.
కీల సందుల్లో రాతిపొడి ఊదాను,
దానికీ దీనికీ సంబంధం లేదని తెలిసే.

ఒంగోలు నుంచి ఖాదర్ ఫోన్లో చెప్పాడు:
డివైస్ మేనేజర్‌లోకి పో, అడాప్టర్ తెరువు,
చివరి పేజీలో ఒక టిక్కు ఉంటుంది చూడు,
కరెంటు పొదుపు కోసం
దీన్ని ఆపేసుకోవచ్చని కంప్యూటర్‌కు అనుమతి.

ఎవరిచ్చారో ఆ అనుమతి. నేనైతే ఇవ్వలేదు.
ఒళ్ళంతా లేచి కూర్చున్నా
ఒక్క చెవి పడుకునే ఉంది.

బయట బెంచీ మీద మస్తాన్,
రాత్రి డ్యూటీ దిగి.
కోత మిషను పక్కన పదకొండేళ్ళు.
తట్టి లేపితే లేస్తాడు, చూస్తాడు, నవ్వుతాడు కూడా.
మాట మూడోసారికి గానీ అందదు.

టిక్కు తీసేశాను.
మూత వేసి, ఇరవై లెక్కబెట్టి, తెరిచాను.
ఇంటూ లేదు.
బిల్లు వెళ్ళింది.

పెంచలయ్య గేటు దాటుతూ
పొడుగ్గా హారను కొట్టాడు.
కాకులు లేచాయి, కుక్క లేచింది.
మస్తాన్ కదల్లేదు.