వంగపండు చుక్క

పడవలకి నంబర్లు రాసుకునేవాణ్ణి
ఏటిగట్టున, బోర్లించిన నావల మధ్య.
వరూధిని టీచరుగారొచ్చి
"బులిసత్యం, ప్రపంచం వేస్తావా?" అన్నారు.
ఎన్నడుగులండీ, అన్నాను.

యానాం బడి వరండా గోడ.
పన్నెండు అడుగుల పొడవు, ఏడు ఎత్తు.
పంతొమ్మిది వందల ముప్పై ఒకటి నాటి లోకం.
ఆవిడ చేతిలో ఓ పాత అట్లాసు,
అడుగున మంచుదేశం సగం ఎలకలు తినేశాయి.

ఇంగ్లీషోళ్ళది గులాబీ అన్నారు.
డబ్బా రెండ్రోజులకే అడుగంటింది.
కెనడా తాగేసింది, ఆస్ట్రేలియా తాగేసింది,
బర్మా దగ్గరికొచ్చేసరికి
నావ అడుగుకి పూసే ఎర్రరంగులో తెలుపు కలిపి లాగించేశాను.
దగ్గరికెళ్ళి చూస్తే తేడా తెలుస్తుంది.
కోరంగి రేవులో ఓడెక్కి రంగూను పోయినోళ్ళందరూ
ఆ కల్తీ గులాబీ మీదే బస్తాలు మోశారు.

నిజాముకి పసుపు.
"అంటే ఆయన సొంతమేనాండీ?"
"సొంతమే" అన్నారు, కాసేపాగి "కాదు" అన్నారు.
పసుపు మీద సన్నగా గులాబీ చారలు గీయించారు.
చార అంటే అదేనేమో,
అవుననీ కాదనీ ఒకే నోటితో చెప్పడం.

గ్రీన్లాండు ఆఫ్రికా అంత అయి కూచుంది.
నా చెయ్యి తప్పిందేమోనని
తాడు పట్టి మళ్ళీ కొలిచాను.
"నీ తప్పు కాదు" నవ్వారు టీచరుగారు,
"ఆత్రేయపురంలో చూళ్ళేదూ,
కుండ వీపు మీంచి పూతరేకు తీస్తే
అంచు నలక్కుండా వస్తుందా?
ఇక్కడ చింపకుండా సాగదీశారు, అంతే."

ఫ్రెంచోళ్ళది నీలం.
అక్కడొచ్చింది చిక్కు.
సముద్రమూ నీలమే. మన ఊరేమో ఒడ్డునుంది.
నీళ్ళలో కలిసిపోతుందండీ అన్నాను.
ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని,
పక్క సంచిలోంచి తొంగిచూస్తున్న కూరల్ని చూసి
"వంగపండు రంగు వెయ్యి" అన్నారు.

కుంచెలో ఒక్క వెంట్రుక ఉంచి మిగతావి పీకేశాను.
ఊపిరి బిగబట్టి పెట్టాను చుక్క.
ఇంజరం పోయింది. నీలపల్లి పోయింది.
కాకినాడ, ఆ పక్క అమలాపురం,
కోనసీమ కొబ్బరంతా ఫ్రెంచోళ్ళ కిందికి పోయింది.
కొలత ప్రకారం వేస్తే ఊరు కనపడదు.
ఊరు కనపడాలంటే చుట్టుపక్కల పదిమందిని ముంచాలి.
గోదారి ఏడు పాయలూ వేద్దామనుకున్నాను.
ఒక్క గీతకే చోటు.

ఆ గీత మీద చెయ్యి ఆగింది.
మా నాన్నమ్మ పేరంటాలు
ఆ ఏడే, ఎనిమిదేళ్ళ పిల్ల,
ఏటి నడుమ ఏదో లంక నుంచి
అర్ధరాత్రి పడవలో ఈ ఒడ్డుకొచ్చింది.
అక్కడ శారదా చట్టం, ఇక్కడ లేదు.
గులాబీలో నేరం, వంగపండులో పెళ్ళి.
దారంతా వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రేనట.
ఇంగ్లీషు నేల దాటి ఫ్రెంచి నేలకి
ఎక్కడొచ్చావే అనడిగితే
"చలేసిన చోట" అనేది.

ఆ లంక ఇప్పుడు లేదు.
ఓ వరదకి సగం, ఇంకో వరదకి సగం
ఏరు కోసుకుపోయింది.
అట్లాసులో వెతికాను, ఏ రంగులోనూ లేదు.
ఉన్ననాడూ లేదు.

ఇది జరిగి పదకొండేళ్ళు.
ప్రతి జూన్లోనూ టీచరుగారు కబురంపుతారు.
కొత్తగా చేరిన పిల్లలు
బెల్లపు వేళ్ళతో, బొగ్గు వేళ్ళతో
"మనం ఇక్కడ" అని పొడిచి పొడిచి
చుక్కొక్కటే అరిగిపోతుంది.
లండనుని ఎవరూ ముట్టుకోరు.
నేనెళ్ళి మళ్ళీ పెట్టొస్తాను.
ఏ ఏటికాయేడు
ఓ నూలుపోగంత అటో ఇటో జరుగుతోంది, తెలుసు.
ఈసారి కాస్త ఏట్లోకి దిగింది.

టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని చూసి
"ఉండనీ" అన్నారు.