కాశీబుగ్గ జమాబందీ

ఈ ఊళ్ళో మేడల్ని నేను పేర్లతో గుర్తుపెట్టుకోను,
అసెస్‌మెంటు నంబర్లతో గుర్తుపెట్టుకుంటాను.
వెయ్యిన్నీ నలభై రెండు: మూడంతస్తులు, లిఫ్టు,
మెట్లకి రాజస్థాన్ రాయి,
గేటు పక్కన కుక్కకి కూడా స్లాబు.
వెయ్యిన్నీ నలభై మూడు: ఆయన తమ్ముడిది.
అన్న మేడ కంటే అడుగున్నర ఎత్తు.
ఆ అడుగున్నర మీద సోంపేట కోర్టులో కేసుంది,
నా పుస్తకంలో పన్నుంది.

పలాసకీ కాశీబుగ్గకీ నడుమ రైలుపట్టాలు.
బండి ఆగి డ్రైవర్ని మార్చుకునే ఆ కాసేపట్లో
కిటికీల కింద పావుకిలో పొట్లాలు పరిగెడతాయి.
దారిన పోయేవాళ్ళకి మా ఊరంటే అంతే:
ఉప్పు రాసిన పప్పు,
బేరమాడితే ఇరవై తగ్గుతుంది.

వాళ్ళు దిగని ఊరు వాసనతో మొదలవుతుంది.
తెల్లారగట్ల నాలుగింటికి బాయిలర్లు రాజుకుంటాయి.
కమ్మగా వచ్చి గొంతు పట్టుకునే వాసన,
ఆరేసిన చొక్కాల్లో, చంటిపిల్లల జుట్టులో,
బ్యాంకు మేనేజరు ఏసీ గదిలో,
నా రసీదు పుస్తకం అంచుల్లో.
సంబంధం చూసుకోడానికొచ్చిన బరంపురం వాళ్ళు
ఏదో మాడుతోందన్నారట.
"డబ్బే" అన్నాడట కోరాడ వైకుంఠం షావుకారు,
"కొంచెం ఎక్కువ వేగింది."

సముద్రం ఊళ్ళోకి రాదు.
తూర్పున అల్లంత దూరంలో ఆగిపోయి
ఉప్పుగాలి చేత కిటికీ ఊచలు కొరికిస్తుంది.
అక్కుపల్లి ఒడ్డున షావుకార్లకి గెస్ట్‌హౌసులున్నాయి,
అవి పంచాయతీ లెక్క, నాకు పట్టవు.
తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడుకోబెట్టిన ఏడు
వైకుంఠం షావుకారు వారం రోజులు గడ్డం గీసుకోలేదు.
ఎనిమిదో రోజు టాంజానియాకి ఫోను చేశాడు.
ఓడలో వచ్చాయి పిక్కలు, విశాఖలో దిగి లారీలెక్కాయి.
తోటలు పోయినవాళ్ళు ఎవరికి ఫోను చెయ్యాలో
ఎవరూ నంబరివ్వలేదు.

మంచివాడే.
డయాలసిస్‌కి పోయేవాళ్ళ ఆటో కిరాయి తనే ఇస్తాడు,
ఏ గోడ మీదా పేరు రాయించుకోడు.
పప్పు తీతకి కిలోకింత పెంచమంటే మాత్రం
రెండు చెవులూ ఒకేసారి వినబడవు.

ఇక్కడ మనుషుల్ని కూడా పప్పులాగే ఏరతారు.
నూట ఎనభై నంబరు దుబాయికి,
రెండొందల నలభై పెళ్ళి భోజనాలకి,
బద్ద పాయసంలోకి, నూక బేకరీకి.
పైపొర కూడా పారెయ్యరు,
ఎక్కడో తోళ్ళు ఊనడానికి కొనుక్కుపోతారు.
పర్మినెంటు కొలువు, అద్దె ఇల్లు:
నన్ను బద్ద కింద కట్టొచ్చు.

నాలుగువేల పదకొండు, కాలనీ చివర.
రేకుల ఇల్లు, ఒక గది, అరుగు.
బమ్మిడి కూర్మమ్మ. పిక్కలు కొట్టడం ఇరవయ్యారేళ్ళు.
బకాయి నూట తొంభై రెండు రూపాయలు.
నోటీసు అందినట్టు వేలిముద్ర వెయ్యమన్నాను.
వేసింది.
కాగితం మీద నల్లటి చుక్క.
గీతల్లేవు, సుడి లేదు.
బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా
పిక్కలోంచి కారే జీడి
ఆ వేలికొసని గులకరాయిలా నున్నగా తినేసింది.
మళ్ళీ వేయించాను. మళ్ళీ చుక్కే.

"రేసను మిసను కూడా నాను నాను కాదంటాది బావు.
మా గుంటని ఎంటెట్టుకెల్తే బియ్యమిస్తాడు.
నీ కాయితమేటంటాది?"
"కాయితం ఏమీ అనదమ్మా."
"మరింకేటి, రాసుకో."

రిమార్కుల గడిలో పెన్ను పెట్టి తీశాను.
అసలు ఆ గడి ఎంత చిన్నదో ఇన్నేళ్ళూ చూడలేదు.
ఈలోగా లోపలికెళ్ళి వచ్చి
నా చేతిలో ఏవో పోసింది.
"పక్టరీయి కావు.
తుపానుకి పడిపోనాది మా అమ్మోల సెట్టు,
మోడు సిగిర్సి మల్లీ కాసినాది.
కాల్సి కొట్టినాను, తిను."

రెండు గుండు పప్పులు, ఒక బద్ద.
అలవాటు కొద్దీ ఏ నంబరోనని వెలుతురుకి పట్టి చూశాను.
ఒకటి పెద్దది. ఒకటి చిన్నది.
బద్ద మీద ఓ మూల మాడింది.