సగం పేజీ

మా ఏరు చూసి వారం చెప్పేవారట మా తాతలు:
సోమవారం ఎరుపు, మంగళవారం నీలి,
మిల్లులు ఆగిన ఆదివారం
ఏ పేరూ లేని రంగు.
ఊరి పేరు వూచ్. పోలండ్‌లో నేతపట్నం.

అద్దకపు మిల్లులో బొగుమీల్ సవిత్స్కీ
డయాజో లవణాన్ని ఆరబెట్టి
ఎడమకన్ను పోగొట్టుకున్నాడు.
ఆస్పత్రిలో పక్కమంచం మీద
వీధి అవతలి మిల్లు రసాయనికుడు:
అదే లవణం, మూడు వారాల ముందు,
రెండు వేళ్లు.
రహస్యాలు యజమానులవి.
గాయాలు మాత్రం సొంతం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోలేదు వాళ్లు,
కాగితం పట్టుకున్నారు,
మూడో చెయ్యి కాలకూడదని.

మందులషాపు మేడమీద గది, గురువారం సాయంత్రం.
పదకొండు కుర్చీలు, పద్నాలుగు మంది.
మొదటి తీర్మానం, టీ ఎవరు కాయాలని. వాయిదా.
రెండోది ఏకగ్రీవం:
నెగ్గిన ప్రయోగం గురించి ఎవరైనా చెప్పుకోవచ్చు,
ముందు చెడినదాని గురించి చెబితే.

అలా మొదలైంది పుస్తకం.
"ఎర్రమట్టి రంగు పొగ. కిటికీ తెరిచే ఉంచండి."
"ఏడోసారీ మడ్డే."
"తప్పు త్రాసుది కాదు, నాది."
మూడో ఏట, గుండ్రటి చేతిరాతలో ఒక్క వాక్యం:
"వెనకటి తొమ్మిది పేజీలు మా అన్నవి కావు, నావి.
తియోఫిలా."
ఎవరో పక్కన పెన్సిల్‌తో రాశారు: తెలుసు.
తెలిసీ రెండేళ్లు ఊరుకున్నారన్నమాట.
ఆ ఊరుకోవడం కూడా
చెడిన ప్రయోగాల జాబితాలో ఉండాల్సింది.

యుద్ధంలో దాన్ని
పుర్రెబొమ్మ అంటించిన డబ్బాలో దాచారు.
సోదాకొచ్చిన సైనికులు మూత ముట్టుకోలేదు.
మళ్లీ గది తెరిచిననాడు
పదకొండు కుర్చీలు, నలుగురు.

ఆఖరి పేజీలో హెనోఖ్ రాబినేర్ రాత:
"ఈ నీలి ఉతుకుకు నిలుస్తోంది, ఎండకు వెలిసిపోతోంది.
ఎందుకో వచ్చే గురువారం చెబుతాను."
కింద సగం పేజీ ఖాళీ.
ఆ నీలి ఎందుకు వెలుస్తుందో ఇప్పుడు
రెండో ఏడాది పిల్లలకీ తెలుసు.
అయినా ఏ కార్యదర్శీ అక్కడ కలం పెట్టలేదు.
నేను పన్నెండోదాన్ని. నేనూ పెట్టలేదు.

మొన్న కాలీనా అని ఓ పరిశోధక విద్యార్థిని వచ్చింది.
గొడుగు దులుపుతూనే అడిగింది:
"జర్నళ్లున్నాయి, కంప్యూటర్లున్నాయి,
ఇంకా ఈ సంఘం దేనికండీ?"
జవాబులు నా దగ్గర చాలానే ఉన్నాయి,
వార్షికోత్సవాల్లో చదివేవి.
ఏదీ చదవలేదు. పుస్తకం ఆమె ముందుకు జరిపాను.

చాలాసేపు చదివింది.
రాబినేర్ దగ్గర వేలు ఆగిపోయింది.
తర్వాత, నాతో కాదు, బల్లతో అన్నట్టు:
"నాలుగు నెలలుగా నా ఫ్లాస్కులో స్ఫటికం కట్టడం లేదు.
మా ప్రొఫెసర్‌కి ఇంకా చెప్పలేదు."

కొత్త పేజీ తీసి
తేదీ వేసి ఇచ్చాను.
ఆమె రాస్తుంటే
స్టవ్ మీద నీళ్లు పెట్టడానికి లేచాను.
తీర్మానం ఇంకా వాయిదాలోనే ఉంది.